పోపులపెట్టెలో ఏడు అక్షరాలు

పోయిన శనివారం పొద్దున మా అక్క మనవరాలు బ్లెస్సీ పెరంబూరు నుంచి రెండు బండ్లు మారి మా ఇంటికి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. చెప్పులు విప్పకముందే, "చిన్నవ్వా, నువ్వు కంప్యూటర్ సైన్స్ చదివినావు కదా, అది ఉపయోగపడిందా లేదా, నిజం చెప్పు" అని అడిగింది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఏ కోర్సు ముందు, ఏది వెనక అని వరస పెట్టి ఆదివారం సాయంత్రం ఐదింటి లోపల లాక్ చెయ్యాలట. ఆ తర్వాత దేవుడొచ్చినా మార్చడానికి లేదట. వాళ్ళ నాన్న కంప్యూటరే అంటున్నాడు. స్నేహితులేమో సివిల్ పెట్టుకో, హాయిగా ఉంటుంది అంటున్నారు. "ఇప్పుడు మిషనే ప్రోగ్రాం రాసేస్తా ఉండాది. నేను నాలుగేళ్ళు చదివి బయటికొచ్చేసరికి ఆ పని ఉంటాదా? ఇంట్లో ఆ చదువు చదివింది నువ్వొక్కదానివే. అందుకే వచ్చినా" అంది. మొహం చూస్తే రెండు రోజులుగా అన్నం సరిగా తిన్నట్టు లేదు.

ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పకముందు ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసే జబ్బు నాకుంది. "ఉపయోగపడింది" అని చెప్పబోయి ఆగిపోయాను. ముప్ఫై అయిదేళ్ళు ఉద్యోగం చేశాను. తినడానికీ ఉండడానికీ ఆ చదువే ఆధారమయింది, అందులో అబద్ధం లేదు. కానీ కాలేజీలో నేర్చుకున్నదాంట్లో ఇవాళ ఏం మిగిలింది అని లెక్క చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ప్రోగ్రాములకి చిల్లులు కొట్టే అట్ట కార్డులు పోయాయి, ఆ కార్డుల మీద రాసిన భాషలు పోయాయి, నేను పని చేసిన ఆఫీసుల్లో రెండు మూతపడ్డాయి. నాకు తెలిసి నేను రాసిన ప్రోగ్రాముల్లో ఒక్క వరస కూడా ఇప్పుడు ఎక్కడా నడవడం లేదు. రిటైరయ్యే ముందు ఆఫీసులో ఒక కుర్రవాడు రెండు వాక్యాలు టైపు చేస్తే, నాకు వారం పట్టే ప్రోగ్రామును మిషన్ నేను చూస్తుండగానే రాసి పెట్టింది. నేను బాధపడాలని అందరూ ఎదురుచూశారు కాబోలు. నేను కుర్చీ లాక్కుని మధ్యాహ్నం భోజనం దాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను, ఇంకొకటి అడుగు, ఇంకొకటి అడుగు అంటూ. బ్లెస్సీకి ఇదంతా చెబితే అయోమయం పెరుగుతుందే తప్ప తగ్గదని కాఫీ కలపడానికి లేచాను.

అప్పుడు ఆ పిల్ల గుడ్డసంచిలోంచి ఒక స్టీలు పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "అవ్వ ఇచ్చింది. అటక మీద సర్దతా ఉంటే దొరికిందంట. ఇది సుగుణది, దానికే ఇచ్చేయ్ అనింది." సుగుణంటే నేనే. గుండ్రటి పోపులపెట్టె. మా ఇంట్లో అందరం అరవంలో లాగా అంజరపెట్టి అనే అనేవాళ్ళం. మూత ఒక పక్క సొట్టపడి సరిగా పట్టదు. లోపల ఏడు గిన్నెలు, ఒక్కొక్క గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం. చుట్టూ ఉన్న ఆరింటి మీద ఐ, జె, కె, ఎల్, ఎమ్, ఎన్. నడిమధ్య గిన్నె మీద ఎక్స్. మా ఇళ్ళల్లో స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కించడం మామూలే, ఎవరు ఎవరికి పెట్టారో తెలియాలని. అందుకే బ్లెస్సీ ఆ గిన్నెలన్నీ తిప్పి చూసి, "ఇవి ఎవరెవరి పేర్లు చిన్నవ్వా? మనోళ్ళలో ఎక్స్‌తో పేరు ఎవరికుంది?" అని అడిగింది. నవ్వబోయాను గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కాఫీ సంగతి మర్చిపోయి ఆ గిన్నెలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను.

మేం పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాయన రైలుపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో వడ్రంగి. సైరన్ కూతతో వెళ్ళి సైరన్ కూతతో వచ్చేవాడు. వస్తూ వస్తూ ఖాకీ చొక్కా నిండా రంపపుపొట్టు, వార్నీషు వాసన మోసుకొచ్చేవాడు. ఆ వాసన మా ఇంట్లో దుప్పట్లక్కూడా ఉండేది. కొత్త రైలెక్కితే ఇప్పటికీ ముందు ముక్కుతో వెతుక్కుంటాను, దొరకదు. అమ్మకి ఉబ్బసం. కిటికీ పక్క మంచం మీద మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేది. యూకలిప్టస్ నూనె వేసి కాచిన నీళ్ళ ఆవిరి పొద్దునా సాయంత్రం ఆ గదిలో ఉండాల్సిందే. కరుణక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న ఎండాకాలమే అమ్మ మంచాన పడింది. అక్కను చదువు మానెయ్యమని ఎవరూ అనలేదు. కూర్చుని మాట్లాడుకున్నదీ లేదు. ఒకరోజు పొద్దున అక్క స్టవ్ ముట్టించింది, మర్నాడు కూడా ముట్టించింది. బడులు తెరిచిన రోజు నేను సంచి తగిలించుకుని వెళ్ళాను, అక్క వాకిట్లో నిలబడి నా జడ రిబ్బను సరిచేసి పంపింది. ఆ రిబ్బను సంగతి ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది. ఆ రోజు నాకేమీ అనిపించలేదు మరి.

తర్వాత నాకు ఊరికి ఆ చివరున్న ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. అప్పట్లో అదేం చదువో మా క్వార్టర్ల లైనులో ఒక్కరికీ తెలియదు, నాకూ తెలియదు. రైల్వేవాళ్ళకి తెలిసిన కంప్యూటర్ ఒకటే, టిక్కెట్ల రిజర్వేషన్‌కి వస్తుందని ఫ్యాక్టరీలో చెప్పుకుంటున్నది. నాయన అదే పట్టుకుని, మా చిన్నది రిజర్వేషన్ కౌంటర్లో కూర్చునే చదువు చదువుతుందని లైనంతా చెప్పుకొచ్చాడు. నేను మొదటి నెల ఫీజు రసీదు కూడా చూడకముందే ఎదురింటి రాజమ్మత్త వచ్చి, ఎండాకాలం సెలవులకి తిరుపతికి నలుగురికి కింద బెర్తులు చెప్పిపెట్టింది. "మరిచిపోబాకమ్మా, మోకాళ్ళ నొప్పులు, పైకెక్కలేను" అంది. కాదని చెప్పడానికి నేను నోరు తెరిస్తే నాయన నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. ఆ నాలుగేళ్ళలో మా లైనులో సగంమంది నా దగ్గర బెర్తులు చెప్పిపెట్టుకున్నారు. ఒక్కరికీ ఇప్పించలేదు, అయినా నాకు గౌరవం తగ్గలేదు.

కాలేజీలో అసలు కష్టం వేరే ఉంది. మేము కంప్యూటర్ చదువుతున్నామన్న మాటే గానీ కంప్యూటర్ని తాకనిచ్చేవాళ్ళు కాదు. కాగితం మీద ప్రోగ్రాం రాయాలి. దాన్ని ఒక్కో వరసకి ఒక్కో అట్ట కార్డు చొప్పున చిల్లులు కొట్టించాలి. ఆ కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేసి ఒక కిటికీలో ఇవ్వాలి. మర్నాడో మూడోనాడో అచ్చేసిన కాగితం వచ్చేది. చిన్న తప్పుంటే ఆ కాగితం మీద ఏమీ ఉండేది కాదు, మళ్ళీ మొదటినుంచీ రావాలి. అందుకని ఇచ్చేముందే ప్రోగ్రామును కాగితం మీద మనమే మిషన్‌లాగా నడిపి చూసుకోమనేవాళ్ళు మాస్టార్లు. నాకది చేతనయ్యేది కాదు. నేనేం అనుకుని రాశానో అదే నా కళ్ళకి కనపడేది, ఏం రాశానో కనపడేది కాదు. మొదటి మూడు కట్టలూ ఉత్తవే వచ్చాయి. ఒకరోజు సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే, అక్క బియ్యం ఏరుతూ, "ఏందిమే అది, ఇటియ్యి చూస్తాను" అని కాగితం లాక్కుంది.

నేను విసుగ్గానే చెప్పాను. ఐ అంటే ఒక గిన్నె అనుకో, అందులో ఒక అంకె ఉంటుంది, ఇదిగో ఈ గుర్తు ఉంటే గిన్నెలో పాతది పారబోసి కొత్తది వెయ్యమని అర్థం, ఇక్కడికి వస్తే మళ్ళీ పైకి పోవాలి, అంతే. అక్క కాసేపు కాగితం చూసి లేచింది. మూత పట్టదని మూలన పడేసిన పోపులపెట్టె తెచ్చింది, చింతగింజల డబ్బా తెచ్చింది. అప్పుడు మేం రాసే భాషలో మామూలు అంకెలకి ఐ నుంచి ఎన్ దాకా అక్షరాలు వాడేవాళ్ళం, సరిగ్గా ఆరు. మిగిలిన ఏడో గిన్నె దశాంశాల కోసం ఎక్స్. చింతగింజని సగం చెయ్యలేం కాబట్టి ఆ గిన్నెలో మాత్రం కాగితం ముక్క మీద అంకె రాసి వేసేది. మార్కుల జాబితా వరసగా పేర్చే ప్రోగ్రాములైతే ఇడ్లీ ప్లేటు కూడా దిగేది, ఒక్కో గుంటలో ఒక్కో అంకె.

ఆ మొదటి సాయంత్రం ప్రోగ్రాంలో రెండు అంకెలు ఒకదాని చోటులోకి ఒకటి మారాలి. నేను రెండు వరసల్లో రాసేశాను. అక్క ఐ గిన్నెలో ఐదు గింజలు, జె గిన్నెలో ఏడు గింజలు పెట్టి, వేలితో కాగితం మీద వరస పట్టుకుని, రాసింది రాసినట్టు చేసింది. తర్వాత తలెత్తి, "రెండిట్లోనూ ఏడే ఉండాయి. ఐదు యాడికి పోయింది?" అంది.

"అట్ల కాదక్కా, ఇది అటూ అది ఇటూ మారాల."

"నువ్వు అనుకునింది నాకెందుకు? నువ్వు రాసిందే నేను చేస్తా. రెండు గిన్నెల్లో ఉండేది మార్చాలంటే మూడో గిన్నె కావాల్నా వద్దా? పులుసూ చారూ మార్చినప్పుడు ఏం చేస్తావు?"

నేను ఎప్పుడూ ఏ గిన్నెలోదీ ఏ గిన్నెలోకీ మార్చి ఎరగను, అది అక్క పని. మూడో గిన్నె రాసి ఇచ్చాను. మూడోనాడు అచ్చు కాగితం నిండుగా వచ్చింది.

అప్పట్నుంచి మూడేళ్ళు అదే వరస. నేను సెంట్రల్ స్టేషన్లో బండి మారి ఇల్లు చేరేసరికి ఆరు దాటేది. అక్క అన్నం పొయ్యి మీదకి ఎక్కించి గోడకి ఆనుకుని పెట్టె ముందు పెట్టుకుని కూర్చునేది. నేను కాగితం ఇచ్చి ఎదురుగా కూర్చోవాలి, కానీ నోరెత్తకూడదు. నోరెత్తితే మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టేది. "ఎన్‌లో నువ్వేమీ వెయ్యమనలేదు, గిన్నె ఖాళీ. ఖాళీ గిన్నెలోంచి ఎట్ల తీసేది?" అనేది. కిరసనాయిలు స్టవ్ వాసన, అన్నం ఉడుకు వాసన, పక్క గదిలోంచి అమ్మ, "ఏమ్మే, లెక్క కుదిరిందా?" అని దగ్గు మధ్య అడగడం. నాయన టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేవాడు, అర్థమయినట్టు తల ఊపేవాడు. ఒకరోజు సామాన్ల మీద పేర్లు చెక్కేవాడు లైనులోకి వస్తే అక్క ఈ ఏడు గిన్నెలూ పట్టుకెళ్ళింది. ఇవేం పేర్లమ్మా అని వాడు రెండుసార్లు అడిగాడట. "మా చెల్లెలి కాలేజీవి" అని చెప్పిందట.

నాలుగో ఏడాది కాలేజీకి తెరలున్న మిషన్లు వచ్చాయి. ముందు కూర్చుని టైపు చెయ్యడమే, తప్పుంటే అప్పటికప్పుడే చెబుతుంది. నాకు పండగలాగా ఉంది. కాగితం ఇంటికి తేవాల్సిన పని లేకపోయింది. మొదటి రోజు అక్క పెట్టె ముందు కూర్చుని చూసింది, "ఈరోజు లేదక్కా" అన్నాను. రెండో రోజూ అదే. వారం రోజులు అన్నం ఉడుకుతున్నంతసేపూ ఆ పెట్టె గోడ పక్కనే ఉండేది. తర్వాత లేదు. కొత్త మిషన్ల సంగతి చెబితే అయిపోయేది. ఎందుకు చెప్పలేదో నేను చాలాసార్లు ఆలోచించాను. దాచాలని కాదు. అక్కకి చెప్పాల్సిన విషయమని తట్టనే లేదు, అంతే. ఆ ఏడే అక్కకి పక్క లైనులో సంబంధం కుదిరింది, నాకు డిగ్రీ వచ్చింది.

ఉద్యోగంలో నాకు మంచి పేరే వచ్చింది. రాసేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు, నా పని ఇంకొకళ్ళు రాసింది చదివి తప్పు పట్టుకోవడం. "అనుకున్నది చెప్పొద్దు, రాసింది చదవండి" అని నేను కొత్తగా చేరినవాళ్ళకి చెబితే, ఇది ఏ పుస్తకంలోది మేడమ్ అని అడిగేవాళ్ళు. నేను పుస్తకం పేరు గుర్తులేదనేదాన్ని. మా అక్క చెప్పిందని ఒక్కసారీ అనలేదు. సిగ్గేసిందా, పొగరా, ఇప్పటికీ తేల్చుకోలేను.

బ్లెస్సీ ఇదంతా విని గిన్నెలు పెట్టెలో సర్దుతూ, "అవ్వకి కోపం రాలేదా?" అంది.

"నేనెప్పుడూ అడగలేదు."

"ఇన్నేళ్ళుగానా?"

"ఇన్నేళ్ళుగానే."

"నన్నేమో అన్నీ అడిగి తెలుసుకోమంటావు" అంది. ఉపయోగపడిందా లేదా అన్న ప్రశ్నకి సగం జవాబు పెరంబూరులో ఉందనీ, రేపు వెళ్ళి అడుగుదామనీ చెప్పాను. ఆ రాత్రి బ్లెస్సీ మా ఇంట్లోనే పడుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం పెట్టె పట్టుకుని బయల్దేరాం. మేం చేరేసరికి మూడున్నర. అక్క ముందుగదిలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పెట్టె చూసి, "మళ్ళీ ఎత్తుకొచ్చినావేందిమే? నీదే కదా అని పంపిస్తి" అంది. నేనూ చాప మీద కూర్చుని నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. బ్లెస్సీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఐదుకి గంటన్నర ఉంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పిల్ల ప్రశ్ననే అడిగేశాను. "అక్కా, నేను ఆ చదువు చదివింది ఉపయోగపడిందంటావా?"

"నీ చదువు సంగతి నన్నడగతావా" అని అక్క నవ్వింది. కాసేపు కాయలు ఒలిచింది. "నాకయితే ఉపయోగమే. ఆ మూడేళ్ళు నా తల గూడా కాలేజీకి పోయొచ్చింది. పొద్దున్నించి అదే ఆలోచన, సాయంత్రం నువ్వు ఏం తెస్తావో, ఏం తప్పు రాసుంటావో అని. మార్కెట్టుకి పోయినా అదే."

"మరి నేను కాయితం తేవడం మానేస్తే..."

అక్క చేతులు ఆగాయి. "ఆ కడపటి కాయితంలో నేనేదో తప్పు చేసుంటాననుకుంటి. ఎల్ గిన్నెలో ఒక గింజ తక్కువేసినానేమో అని. దానికి నీ మార్కులు పోయినాయేమో, అక్క బాధపడతాదని చెప్పకుండా గమ్మున ఉండావేమో అనుకుంటి. మళ్ళీ ఒకసారి ఒక్కదాన్నే కూర్చుని వేసి చూసినా గూడా. కాయితం లేదు కదా, తలలో ఉన్నమటుకు. నాకు సరిగానే వచ్చింది. ఐనా అనుమానం పోలే."

నలభై ఏళ్ళు ఈవిడ తను చెయ్యని తప్పుని పట్టుకుని కూర్చుంది, నేను రెండు బండ్ల దూరంలో ఉండి నెలకి రెండుసార్లు వచ్చి కూర తిని పోతున్నాను. "నీ తప్పు లేదక్కా, ఒక్క తప్పూ లేదు. కాలేజీకి కొత్త మిషన్లు వచ్చాయి. అదే చూసి చెప్పేది. నీకు చెప్పాలని నాకు తోచలేదు" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"అంతేనా?" అంది అక్క.

"అంతే."

"మిషనా." అక్క కొంగుతో చేతులు తుడుచుకుని ఎల్ గిన్నె తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. "చెప్పుంటే సరిపోయేది కదమ్మే" అని మెల్లగా అని గిన్నె పెట్టెలో పెట్టేసింది.

అప్పుడు బ్లెస్సీ ఫోన్లో ఏదో ముందుకీ వెనక్కీ జరిపి, "అవ్వా, నేను కంప్యూటరే పైన పెట్టినా" అంది. వాళ్ళ నాన్న కోసమా అని నేనడిగితే కాదంది. మిషన్ రాసిందాన్ని చదివి తప్పు పట్టేవాళ్ళు ఒకరు ఉండాలి కదా, నేను అది నేర్చుకుంటా అంది. తర్వాత అక్క వైపు జరిగి కూర్చుని, "కాయితం మీద రాసి తెస్తే చూస్తావా?" అని అడిగింది.

"నీ కాలేజీలో గూడా మిషన్లే కదా ఉంటాయి."

"ఉంటాయి. ఐనా తెస్తా."

అక్క పిల్ల మొహం కాసేపు చూసింది. "చింతగింజలు డబ్బాలో ఉండాయా లేవా చూడు" అని, బ్లెస్సీ వంటింట్లోకి లేచేలోగా చెయ్యి పట్టుకుని ఆపింది. "తే. నేను చూస్తా. ఒకటే, చాలించే రోజొస్తే, చాలించినానని నాకు చెప్పు."

ఆ మాట బ్లెస్సీతోనే అంది. నా వైపు చూడలేదు.